జర్మనీలో పిల్లలు తగ్గుతున్నారంటారు, మరి మ్యూనిక్‌లో కిటా (చిన్నపిల్లల డేకేర్) సీటు ఎందుకు దొరకదు?

లైప్‌జిగ్_లలిత
మా పాప వెళ్ళే కిటాలో ఆగస్టు నుంచి ఒక గ్రూపు ఎత్తేస్తున్నారు. చేరడానికి పిల్లలు లేరట. ఇక్కడి కిటాల్లో గోడకి హుక్కుల వరస ఉంటుంది కదా, ఒక్కో పిల్లకి ఒక్కో బొమ్మ. మా పాపది ముళ్ళపంది. ఆ వరసలో సగం బొమ్మలు పీకేసి ఉన్నాయి. పాపకి బాగా మాలిమి అయిన టీచర్‌కి కాంట్రాక్టు పొడిగించలేదు. మేం ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇదే కిటాలో సీటు కోసం ఎంతమందిని బతిమాలుకున్నామో నాకే తెలుసు. ఇప్పుడేమో వాళ్ళే గేటు దగ్గర బోర్డు పెట్టారు, సీట్లు ఉన్నాయని.

మరోపక్క మ్యూనిక్‌లో ఉన్న మా ఆడపడుచుకి సీటు దొరక్క ఉద్యోగంలో చేరడం వాయిదా వేసుకుంటూ కూర్చుంది. ఒకే దేశంలో ఇదేం విచిత్రం? పిల్లలు తగ్గారా, పెరిగారా? మేం రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం, అందుకే ఇంత టెన్షన్. లెక్కలు తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మ్యూనిక్_మూర్తి
ఆ కిటాని టీచర్లతో సహా మా వీధికి పార్సిల్ చేసేయండి. పోస్టు ఖర్చు మాది.

గణాంకాల_గిరి
లలిత గారూ, రెండూ నిజమే. ముందు దేశం మొత్తం లెక్క చూడండి.

1964లో జర్మనీలో (రెండు జర్మనీలూ కలిపి) 13.57 లక్షల మంది పుట్టారు. ఇప్పటిదాకా అదే రికార్డు. 2011కి వచ్చేసరికి 6.63 లక్షలకి పడిపోయింది. ఆ తర్వాత మళ్ళీ పెరిగి 2021లో 7.95 లక్షలు. అక్కణ్ణించి జారుడే: 2022లో 7.39, 2023లో 6.93, 2024లో 6.77 లక్షలు. మూడేళ్ళలో దాదాపు లక్షా ఇరవై వేలు తగ్గిపోయారు.

సగటున ఒక్కో మహిళకి పుట్టే పిల్లల సంఖ్య 2016లో 1.59, 2021లో 1.58. 2024లో 1.35. వలసలు లేకుండా జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. 1972 నుంచి ఇప్పటిదాకా ఈ దేశంలో ఏ ఒక్క ఏడాదీ పుట్టినవాళ్ళు చనిపోయినవాళ్ళకంటే ఎక్కువ లేరు. అయినా జనం 8.3 కోట్ల దగ్గర ఉన్నారంటే బయటినుంచి వచ్చిన మనలాంటి వాళ్ళ వల్లే.

2021 తర్వాత పుట్టినవాళ్ళే ఇప్పుడు కిటా వయసులో ఉన్నారు. మీ గ్రూపు ఎత్తేయడానికి మొదటి కారణం అది. తూర్పున దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. ఆ కథ వేరు, తెలిసినవాళ్ళు ఇక్కడున్నారు.

డ్రెస్డెన్_దాసు
గిరి చెప్పిన ఆ కథ నేను చెప్తాను. చాలా ఏళ్ళుగా ఈ ప్రాంతంలోనే ఉంటున్నాను, నా చుట్టూ ఉన్నవాళ్ళు అనుభవించిన కథ ఇది.

1989లో తూర్పు జర్మనీలో దాదాపు రెండు లక్షల మంది పుట్టారు. బెర్లిన్ గోడ కూలింది, దేశాలు కలిశాయి. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఉన్న ఉద్యోగం రేపు ఉంటుందో లేదో తెలియదు. 1994లో పుట్టినవాళ్ళు 80 వేల లోపు. సగటు 0.77. యుద్ధం లేకుండా, కరువు లేకుండా ఐదేళ్ళలో సగం కంటే కిందికి! వయసులో ఉన్న ఆడపిల్లలు చాలామంది పని వెతుక్కుంటూ పడమటికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు లెక్క వేయండి. జర్మనీలో మొదటి కాన్పు సగటు వయసు 30 దాటింది. 1994లో పుట్టని అమ్మాయిలు 2024లో తల్లులు ఎలా అవుతారు? ఉన్న అమ్మాయిలు ఇద్దరేసి పిల్లల్ని కన్నా మొత్తం తక్కువే వస్తుంది. ముప్పయ్యేళ్ళ కింద తగిలిన దెబ్బకి ఇప్పుడు మళ్ళీ నొప్పి తెలుస్తోంది.

మా ఆఫీసులో ఒకావిడ తొంభైల్లో కిటా టీచర్‌గా ఉద్యోగం పోగొట్టుకుని, మళ్ళీ చదువుకుని అకౌంట్స్‌లోకి వచ్చింది. మొన్న ఇదే విషయం వస్తే ఆవిడ ముఖం ఎర్రబడింది. "అప్పుడు మమ్మల్ని తీసేశారు, పదిహేనేళ్ళకి టీచర్లు దొరకట్లేదని గోలపెట్టారు, ఇప్పుడు మళ్ళీ తీసేస్తున్నారు" అంది.

మ్యూనిక్_మూర్తి
దాసు అన్నా, ఆ 0.77 నిజంగా నిజమేనా? నమ్మబుద్ధి కావట్లేదు.

గణాంకాల_గిరి
నిజమే. ఆ స్థాయిలో పతనం శాంతికాలంలో అప్పటికి ఎక్కడా చూడలేదని జనాభా శాస్త్రవేత్తలు ఇప్పటికీ ప్రస్తావిస్తుంటారు. ఇప్పుడు దక్షిణ కొరియా అంతకంటే కిందికి వెళ్ళింది, అది వేరే చర్చ.

గుంటూరు_గోపాలం
నేను జర్మనీలో లేను, మా అబ్బాయి స్టుట్‌గార్ట్‌లో ఉన్నాడు, వాడి వల్ల ఈ చర్చలు చదువుతుంటాను. ఒక్క మాట అడుగుతాను. నెల నెలా పిల్లకి డబ్బు ఇస్తారు, తల్లిదండ్రులకి సెలవులో జీతం ఇస్తారు, చదువు ఉచితం. ఇన్ని ఇచ్చినా కనకపోతే ఇంక ఏం చేయాలి? మాకు ఇవేమీ లేకుండానే ఇళ్ళ నిండా పిల్లలుండేవాళ్ళు.

హాంబుర్గ్_అనిత
బాబాయ్ గారూ, "ఉండేవాళ్ళు" అన్నారు చూశారా, అదే అసలు సంగతి. ఇప్పుడు అక్కడా లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8. జర్మనీ 1.59 దగ్గర ఉన్నప్పుడు కూడా దానికీ మనకీ పెద్ద తేడా లేదు. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని 2024లో ఏపీ అసెంబ్లీయే ఎత్తేసింది కదా.

ఇక్కడ ఇచ్చే డబ్బు సంగతి. కిండర్‌గెల్డ్, అంటే పిల్లకిచ్చే నెలవారీ డబ్బు, 2025లో ఒక్కో పిల్లకి నెలకి 255 యూరోలు. సంతోషమే, కానీ హాంబుర్గ్‌లో ఒక గది ఎక్కువున్న ఇంటికి మారాలంటే అద్దె తేడా అంతకంటే చాలా ఎక్కువ. ఎల్టర్న్‌గెల్డ్, అంటే తల్లిదండ్రుల సెలవులో వచ్చే డబ్బు, జీతంలో మూడింట రెండు వంతుల దాకా వస్తుంది, కానీ పై పరిమితి నెలకి 1,800 యూరోలు. 2007లో పథకం పెట్టినప్పుడు ఎంతో ఇప్పటికీ అంతే. ఈ మధ్యలో ధరలు ఎంత పెరిగాయో మీ అబ్బాయిని అడగండి.

గుంటూరు_గోపాలం
1,800 అప్పట్నుంచీ మారలేదా! వాడు ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదమ్మా.

రైన్_రాజేష్
నాకు వేరే అభిప్రాయం ఉంది. డబ్బు పని చేయలేదనడం తప్పు. 2007లో ఎల్టర్న్‌గెల్డ్ వచ్చింది, 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ కిటా లేదా టాగెస్‌ముటర్ (తన ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆవిడ) దగ్గర చోటు చట్టపరమైన హక్కు అయింది. ఆ తర్వాతే కదా 2011 నాటి అడుగు నుంచి 2016 దాకా లెక్క పైకెళ్ళింది. నాన్నలు కూడా సెలవు తీసుకోవడం మొదలైంది ఆ పథకంతోనే. మా బాబు పుట్టినప్పుడు నేను రెండు నెలలు ఇంట్లో ఉన్నాను. మా జర్మన్ మేనేజర్ తన సెలవు గురించి కూడా అప్పుడే చెప్పాడు. వాళ్ళ నాన్న కాలంలో ఇది ఊహకి కూడా అందనిదట.

గణాంకాల_గిరి
రాజేష్ గారూ, సగం ఒప్పుకుంటాను. అదే కాలంలో ఇంకో రెండు జరిగాయి. అరవైల్లో పుట్టిన పెద్ద తరం పిల్లలు సరిగ్గా ముప్పయ్యిల్లోకి వచ్చారు, అంటే తల్లులయ్యే వయసువాళ్ళే ఎక్కువ. తర్వాత 2015లో సిరియా, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలు. మూడూ కలిసొచ్చాయి. ఏది ఎంత అని విడదీయడం కష్టం. 2021 తర్వాత పథకాలన్నీ అలాగే ఉన్నా పడిపోయింది చూడండి. ఉక్రెయిన్ యుద్ధం, గ్యాస్ బిల్లులు, ఇళ్ళ వడ్డీలు. జనానికి రేపటి మీద ధైర్యం సడలితే మొదట వాయిదా వేసేది బిడ్డనే.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
ఈ మధ్య ప్రతి చోటా వింటున్న మాట: "విదేశీయులే కంటున్నారు, జర్మన్లు కనట్లేదు" అని. మా పక్కింటాయన కూడా మొన్న అదే అన్నాడు. నాకు చాలా బాధేసింది.

గణాంకాల_గిరి
2024లో జర్మన్ పౌరసత్వం ఉన్న మహిళల సగటు 1.23, విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్ళది 1.84. తేడా ఉంది. కానీ ఆ 1.84 కూడా 2.1 కంటే తక్కువే, అదీ ఏటేటా దిగుతోంది. వచ్చిన తరం తర్వాతి తరానికి ఇక్కడివాళ్ళ లెక్కకే దగ్గరవుతారు. ఆ పక్కింటాయన చూస్తున్నది పౌరసత్వం కాగితాన్ని. ఇక్కడే పుట్టి పెరిగి పౌరసత్వం తీసుకున్న టర్కీ కుటుంబాల అమ్మాయిలు "జర్మన్" లెక్కలోకే వస్తారు.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
ఈ మాట ఆయనకి చెప్తాను. మంచివాడే, వింటాడు.

నర్సు_మేరీ_ఖమ్మం
నేను తూరింగియాలో చిన్న ఊళ్ళో నర్సుని. మా దగ్గర కనపడేది చెప్తాను. మేం పనిచేసే ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేశారు. ఏడాదికి అన్ని కాన్పులు లేకపోతే డాక్టర్లనీ మంత్రసానులనీ రాత్రింబవళ్ళు నిలబెట్టడం కుదరదన్నారు. దేశం మొత్తం మీద చూసినా 1991తో పోలిస్తే కాన్పుల విభాగాలు దాదాపు సగానికి వచ్చాయి.

ఇప్పుడు మా ఊరి గర్భిణులు పక్క జిల్లాకి వెళ్ళాలి. పోయిన చలికాలం మంచు పడుతుంటే ఒకమ్మాయి నొప్పులతో మా ఎమర్జెన్సీకే వచ్చేసింది. ఇంక పంపించే టైము లేదు. రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్న మా సీనియర్ ఒకావిడ, ఒకప్పుడు ఆ వార్డులోనే పనిచేసింది, ఆవిడే ముందుకొచ్చింది. ఎమర్జెన్సీ గదిలో బేబీ వార్మర్ లేదు. టవళ్ళు రేడియేటర్ మీద వేసి వెచ్చబెట్టి బిడ్డని చుట్టాం. తల్లీబిడ్డా క్షేమం. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పిల్లలు తక్కువని వార్డు మూశారు సరే, పుట్టే ఆ కొద్దిమందికైనా దారి ఉండాలి కదా?

లైప్‌జిగ్_లలిత
మేరీ గారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మీ సీనియర్ గారికి మా అందరి తరఫున దండం పెట్టండి.

డ్రెస్డెన్_దాసు
మేరీ గారు చెప్పింది తూర్పు పల్లెల సంగతి. హోయెర్స్‌వెర్డా చూడండి. ఎనభైల్లో 70 వేల మంది దాకా ఉన్న ఊరు, ఇప్పుడు 30 వేల చిల్లర. బ్లాకులకి బ్లాకులు అపార్ట్‌మెంట్లు కూల్చేశారు. మేరీ గారి తూరింగియాలోనే ఉన్న జూల్‌లో సగటు వయసు యాభై. లైప్‌జిగ్, డ్రెస్డెన్ అలా కాదు, తొంభైల్లో తగ్గి మళ్ళీ పెరిగిన ఊళ్ళు. అందుకే లలిత గారు వచ్చిన కొత్తలో సీటు దొరకలేదు, ఇప్పుడు మిగులుతున్నాయి.

రైన్_రాజేష్
లైప్‌జిగ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. హక్కు ఉన్నా కిటా సీటు ఇవ్వకపోవడం వల్ల జీతం నష్టపోతే నగరపాలక సంస్థని పరిహారం అడగవచ్చని 2016 అక్టోబరులో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది కదా, ఆ కేసు వేసిన ముగ్గురు తల్లులదీ లైప్‌జిగ్గే! అప్పుడు సీట్లు లేవని కోర్టుకెక్కారు, ఇప్పుడు పిల్లలు లేరని గ్రూపులు మూస్తున్నారు. దాదాపు పదేళ్ళలోనే ఇంత మార్పు.

మ్యూనిక్_మూర్తి
ఇదేమిటో ఇప్పటిదాకా నాకు తెలియనే లేదు. మ్యూనిక్‌లో అయితే కిటాల్లో గదులున్నాయి, టీచర్లు లేరు. మా వీధి చివర కొత్తగా కట్టిన కిటాలో ఒక అంతస్తు ఖాళీగా ఉంది, ఆడుకునే సామాను ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. ఆ జీతంతో ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకోలేమని టీచర్లు రారు. కాబట్టి లలిత గారి ఆడపడుచుకి సీటు లేకపోవడానికీ పిల్లల సంఖ్యకీ నేరుగా సంబంధం లేదు.

గణాంకాల_గిరి
మూర్తి గారు అసలు ముడి విప్పారు. దీనికి తోడు ఇంకొకటి. కిటాలు ఖాళీ అవుతుంటే గ్రుండ్‌షూలెలు (ప్రాథమిక బడులు) నిండిపోతున్నాయి. 2023లో ఒకటో తరగతిలో చేరినవాళ్ళు 8 లక్షలు దాటారు, సుమారు ఇరవయ్యేళ్ళలో అంతమంది చేరలేదు. 2016-17 ప్రాంతంలో ఎక్కువగా పుట్టినవాళ్ళు, ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లలు ఇప్పుడు బడిలో ఉన్నారు. ఆ అల ఇంకొన్నాళ్ళకి హైస్కూలుకి పోతుంది. చిన్న బడులు అప్పుడు ఖాళీ. ఒక్కో వయసు వాళ్ళకి ఒక్కో పరిస్థితి. మొత్తం పిల్లలు తగ్గారా పెరిగారా అని ఒక్క ముక్కలో చెప్పలేం.

కొలోన్_కిరణ్
నా ప్రశ్న వేరు. పిల్లలు తగ్గితే తప్పేముంది? క్లాసులో పిల్లలు తక్కువుంటే టీచర్ బాగా చూసుకుంటుంది, ఊళ్ళో ఇళ్ళు దొరుకుతాయి, భూమికి భారం తగ్గుతుంది. ప్రతివాళ్ళూ గుండెలు బాదుకోవడం ఎందుకు?

హాంబుర్గ్_అనిత
కిరణ్, పిల్లలు తక్కువుంటే టీచర్ బాగా చూసుకుంటుందన్నావు చూడు, అలా జరగాలంటే ఆ టీచర్‌ని ఉంచాలి! లలిత గారి కిటాలో తీసేశారు. తూర్పు రాష్ట్రాల్లో ఒక్కో టీచర్‌కి పడమటి కంటే ఎక్కువమంది పిల్లలుంటారు. పిల్లలు తగ్గుతున్న ఈ సమయంలో ఉన్న టీచర్లని అలాగే ఉంచితే ఆ తేడా సరిచేయొచ్చని బెర్టెల్స్‌మాన్ ఫౌండేషన్ చెబుతూనే ఉంది. డబ్బు కొత్తగా పెట్టక్కర్లేదు, ఉన్నది వెనక్కి తీసుకోకుంటే చాలు.

భూమి భారం సంగతంటావా, పింఛన్లు ఎవరు కడతారు? ఇక్కడ పనిచేసేవాళ్ళ జీతంలోంచే నేరుగా ముసలివాళ్ళకి వెళ్తుంది. 1964కి కాస్త ముందు పుట్టినవాళ్ళు ఇప్పటికే రిటైర్ అవుతున్నారు, ఆ 13 లక్షల మంది వంతు కూడా దగ్గర పడుతోంది. మన జీతం స్లిప్పులో కోతలు చూసుకుంటే తెలుస్తుంది.

కొలోన్_కిరణ్
టీచర్ల మాట ఒప్పుకుంటాను. పింఛను కోసం పిల్లల్ని కనాలనడం మాత్రం నాకు రుచించదు. ఏ తల్లీ ఆ లెక్కతో కనదు.

హాంబుర్గ్_అనిత
కనదు. నేనూ అలా కనలేదు. నేననేది ప్రభుత్వం వేసుకోవాల్సిన లెక్క. ఇద్దరు కావాలనుకున్నవాళ్ళు ఒకరితో ఆగిపోతున్నారు, నా చుట్టూ ఇదే చూస్తున్నాను. కావాలనుకున్న రెండో బిడ్డని ఎందుకు కనలేకపోతున్నారో అడగాలి.

నా సంగతే చెప్తాను. మా బాబు కిటాలో ఉన్నప్పుడు సాయంత్రం దాకా చూసుకునేవాళ్ళు. మేం అప్పుడు ఉన్న ఊళ్ళో బడిలో చేరగానే మధ్యాహ్నానికే ఇంటికి! హోర్ట్‌లో (బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే చోటు) ఖాళీ లేదు. నేను సగం రోజు ఉద్యోగానికి మారాను. పన్ను తరగతుల్లో ఆయనది మూడు, నాది ఐదు, అంటే నెల నెలా కోత నా జీతంలోనే ఎక్కువ. సగం ఉద్యోగంలో వచ్చే దాంట్లో చేతికొచ్చేది చూస్తే ఏడుపొచ్చింది. రెండో బిడ్డ ఆలోచన అక్కడే ఆగిపోయింది. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలకి రోజంతా బడిలో ఉండే హక్కు వస్తోంది, తర్వాత ఏటా ఒక్కో తరగతికి పెంచుతారు. నాకు ఆలస్యమైంది. మీలో చిన్నవాళ్ళకి అందుతుంది.

మ్యూనిక్_మూర్తి
అనిత గారు చెప్పినదే మా ఇంట్లోనూ. మా అమ్మ వీసా మీద వచ్చి మూడు నెలలు ఉండి వెళ్ళిపోతుంది, ఆ మూడు నెలలే మా ఆవిడ ఊపిరి పీల్చుకునేది. అమ్మమ్మలు, నానమ్మలు పక్కన లేని పెంపకం ఎలాంటిదో ఇక్కడున్న ప్రతి తెలుగింటికీ తెలుసు.

గుంటూరు_గోపాలం
మూర్తి, నీ మాట మా ఆవిడకి చదివి వినిపించాను. మా కోడలు ఎందుకంత అలసిపోతుందో ఇప్పుడు అర్థమైందంది. వచ్చే వేసవిలో ఆవిడని పంపిస్తాను.

డ్రెస్డెన్_దాసు
లలిత గారూ, మీ రెండో బిడ్డ సంగతి. కిటా మూసేస్తారని భయపడి ఆగొద్దు. సీట్లు దొరకడంలో ఇప్పుడు లైప్‌జిగ్ అంత సులువైన పెద్ద ఊళ్ళు తక్కువ. కానీ గ్రూపు ఎత్తేసే విషయం ఊరికే వదలకండి. ప్రతి కిటాలో తల్లిదండ్రుల సంఘం ఉంటుంది, నగర స్థాయిలోనూ ఉంటుంది. సమావేశానికి వెళ్ళి టీచర్లని ఉంచమని అడగండి. మనవాళ్ళు ఆ మీటింగులకి వెళ్ళరు, భాష రాదని మొహమాటం. మీకు వచ్చినంత జర్మన్ చాలు.

లైప్‌జిగ్_లలిత
వెళ్తాను. పాప టీచర్‌ని పక్క కిటాకి పంపే అవకాశం ఉందేమో కూడా అడుగుతాను. ఆడపడుచుకి ఆ 2016 తీర్పు సంగతి పంపించాను, కిటాకే కాదు టాగెస్‌ముటర్‌కి కూడా రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టమన్నాను.

రైన్_రాజేష్
దరఖాస్తు పెట్టిన ప్రతి కాగితం కాపీ దాచుకోమనండి. తిరస్కరించిన ఈమెయిళ్ళు కూడా. అవి లేకుండా పరిహారం మాటే ఎత్తలేరు.

కొత్తగా_బెర్లిన్
నేను మొన్ననే బ్లూ కార్డు (ఉద్యోగ అనుమతి) మీద వచ్చాను, మా ఆవిడకి ఏడో నెల. బెర్లిన్ సగటు అన్నిటికంటే తక్కువని ఎక్కడో చదివాను, అంటే మాకు కిటా సులువుగా దొరుకుతుందా?

గణాంకాల_గిరి
2024లో బెర్లిన్ 1.21, రాష్ట్రాల్లో అన్నిటికంటే తక్కువ. నీడర్‌జాక్సెన్ 1.42తో అన్నిటికంటే ఎక్కువ. బెర్లిన్‌లో కూడా పేట పేటకీ తేడా ఉంటుంది, కానీ ఇదివరకటి కంటే నయం. అక్కడ 2018 ఆగస్టు నుంచి కిటా ఫీజు లేదు, భోజనానికి మాత్రం కట్టాలి. ముందు గుట్‌షైన్ (కిటా సీటుకి ఇచ్చే వోచర్) తీసుకోవాలి, బిడ్డ చేరే తేదీకి తొమ్మిది నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు.

హాంబుర్గ్_అనిత
కిండర్‌గెల్డ్‌కి బ్లూ కార్డు ఉన్నవాళ్ళకి హక్కు ఉంది తమ్ముడూ. బిడ్డ పన్ను నంబరు పోస్టులో వచ్చాక వెంటనే పెట్టెయ్. ఆలస్యమైతే వెనక్కి ఆరు నెలలకి మాత్రమే ఇస్తారు.